కడిగిన సీసా

హైదరాబాద్,
6-9-2003.

నాన్నకి,

నందిగామ డాక్టరు గారు చెప్పిన కెమెరా పరీక్షని నా మాట పట్టుకుని మానేశావు. నేను చెప్పిన ఆ మాట తప్పు. ఫోన్లో చెబితే మాట మార్చేస్తావు, అందుకే ఇవాళే రాస్తున్నా. శాంతయ్య మాస్టారూ, చదివి పెడుతున్నందుకు నమస్కారాలు. మొహమాటపడి ఏ వాక్యమూ దాటేయకండి.

జూన్‌లో నీకు మూత్రంలో రక్తం పడింది. నొప్పి లేదు, రెండు రోజుల్లో అదే తగ్గింది. వేడి చేసిందిలే అని బార్లీ నీళ్లు తాగావు. ముప్ఫై ఏళ్లు రంగుతొట్లలో చేతులు పెట్టి నూలు అద్దినవాడివి, పైగా చుట్ట వదలవు. మూత్రాశయంలో గడ్డలొచ్చే ప్రమాదం ఇలాంటివాళ్లకే ఎక్కువ. గడ్డ ఉంటే మూత్రంలో ఒక ప్రోటీను పెరుగుతుంది. మా ల్యాబులో దాన్నే కొలుస్తాం. జులైలో ఇంటికొచ్చి సీసా ఇచ్చి వెళ్లా. నువ్వు నింపి జగ్గయ్యపేటలో హైదరాబాద్ బస్సు డ్రైవరు చేతికిచ్చావు. అంకె తక్కువగా వచ్చింది. "నీకేం లేదు నాన్నా" అని ఫోన్ చేసింది నేనే. నీతో కలిసి అద్దకం చేసే కృపారావు బాబాయి "నీకేమయ్యా, ఇంట్లోనే డాక్టరు" అని ఎకసెక్కమాడితే మురిసిపోయావట.

మొన్న అమ్మ ఫోన్లో ఏమందో తెలుసా? "ఆ సీసా అడుగున ఏదో తెల్లపొడి ఉంటే తోమి ఎండబెట్టానే. అంత మురికిది ఎవరిచ్చారే నీకు?" ఆ పొడి లేకపోతే, అయిదు గంటలు ఇంజను పక్కన కాగిన నమూనాలో ప్రోటీను చెడిపోతుంది, గడ్డ ఉన్నా అంకె తక్కువే వస్తుంది. తప్పు అమ్మది కాదు. ఉప్పుడబ్బా కూడా కడక్కుండా నింపని మనిషని నాకు తెలియదా? పొడి సంగతి చెప్పినా తనకేం అర్థమవుతుందిలే అనుకున్నా. మనింట్లో బడికెళ్లిన మొదటిదాన్ని కదా, ఆ గీర. నెల రోజులు నువ్వు ధైర్యంగా ఉన్నది ఆ గీర మీదే నాన్నా.

ఇంకో సీసా పంపమంటావు. పంపను. నమూనా బాగున్నా, అంకె తక్కువొచ్చినా, గడ్డ బయటపడినవాళ్లని ఇక్కడే చూశా. లోపలున్నది కెమెరాతోనే తేలుతుంది. మూత్రం వచ్చే దారిన పంపే సన్నటి గొట్టం, పది నిమిషాల పని, ముందు తిమ్మిరెక్కే మందు పెడతారు. ఒకవేళ ఉన్నా, మొదట్లోనే దొరికితే పొట్ట కొయ్యకుండా ఆ దారినే తీసేస్తారు. ఉందని నేననట్లేదు. లేదని చెప్పే హక్కు మాత్రం నాకు లేదు.

"కూతురు పక్కనుండగా ఆ పరీక్షేంటే, సిగ్గు కాదూ" అని అమ్మతో అన్నావట. నేను బయట బెంచీ మీద కూర్చుంటాలే. బాబాయినీ వెంటబెట్టుకురా. ఆయన చేతులూ అవే తొట్లలో నానాయి.

18వ తేదీ గురువారం పొద్దున తొమ్మిదింటికి ఇక్కడి ఆసుపత్రిలో నీ పేరు రాయించా. కోపముంటే నన్ను తిట్టు, పడతా. పరీక్ష మీద చూపించకు. ఒక్కడివే వస్తున్నావో, ఇద్దరొస్తున్నారో, అదొక్కటే 13వ తేదీలోగా నాకు అందేలా రాయించు.

నీ కూతురు,
నాగశ్రీ