గీత లేని గిన్నె

పడవల షెడ్డు,
మార్చి 12, బుధవారం.

మా సరంగు ఆడపడుచుకు,

చేతికున్న గ్రీజు కాగితానికి అంటకుండా నానా తంటాలు పడుతూ, ఇంజన్ల మధ్య కూర్చుని మీ వదిన రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా కులాసా. మీ అన్నయ్య గురక, మన లాంచీ, నా నడుంనొప్పి, అన్నీ యథాప్రకారం ఉన్నాయి. నువ్వు మీ పిన్నిగారింట్లో ఉండి బస్టాండు కౌంటర్లో టిక్కెట్లు ఇస్తున్నావని అత్తయ్య చెబుతూనే ఉంది. నాకు ఉత్తరం రాయవని తెలుసు. ఈ పదకొండు నెలలూ నేనూ రాయలేదు. తుప్పు పట్టిన బోల్టులతో సావాసం చేసీ చేసీ వాటి మొండితనం నాకూ అబ్బింది.

చింపెయ్యకుండా చదువు. మంచి కబురుంది. ఆ రోజు నువ్వు చెప్పింది నిజమే. గీత లేదు.

నువ్వు వెళ్లాక లాంచీ నడపడానికి వచ్చిన సరంగు మంచివాడే. కాకపోతే ఇంజను గదిలోకి నాలుగు మెట్లు దిగడమంటే అతనికి మహా బద్ధకం. మొన్న శుక్రవారం పొద్దున, లాంచీ ఖళ్లు ఖళ్లుమని దగ్గుతోందంటూ పరిగెత్తుకొచ్చాడు. నేను దిగి ఫిల్టరు కింద, లోపలిది బయటికి కనబడే ప్లాస్టిక్ గిన్నె మీద టార్చి వేసి చూశాను. పైన డీజిలు, కింద నీళ్లు, రెంటి మధ్యా వెంట్రుకంత గీత, మనం రోజూ వెతికేది అదేగా! గీత లేదు. గీత లేదంటే నీళ్లు లేనట్టే. కాబట్టి తప్పు పంపుదని తీర్మానించి దాన్ని విప్పాను. పంపు శుభ్రంగా ఉంది. బిగించాను. ఇంజను మళ్లీ దగ్గింది. రెండు గంటలు పోయాయి. రేవులో జనం ఎదురుచూసి ఎదురుచూసి నామీద జోకులు కూడా మొదలుపెట్టారు.

చివరికి విసుగొచ్చి, ఎలాగూ పాతబడిపోయింది కదా అని గిన్నె ఊడదీసి పళ్లెంలో వంపాను. వాసన రాలేదు. వేళ్లతో రాసి చూస్తే జిడ్డు లేదు. అంచుదాకా వట్టి నీళ్లు! ఇంక గీత ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా ఏళ్ల తరబడి డీజిలు తగిలి ఆ గిన్నె పచ్చబడిపోయింది. అందులో మంచినీళ్లు పోసినా డీజిల్లాగే కనిపిస్తాయి.

పాపం, ఫిల్టరు తన పని తను చేసింది. ట్యాంకులోంచి వచ్చిన డీజిల్ని సుడి తిప్పుతుంది, బరువైన నీళ్లు జారి గిన్నెలో చేరతాయి. సన్నటి తుంపరలేమైనా మిగిలితే పైనున్న కాగితం వాటిని దాటనివ్వదు. అవి ఒకదానికొకటి అంటుకుని, బొట్లు కట్టి కింద పడతాయి. అడుగునున్న కుళాయి తిప్పి ఆ నీళ్లు వదలడం మన పని. అతను నెల రోజులుగా తిప్పలేదు. గీత రోజుకింత పైకెక్కి, చివరికి గిన్నె దాటిపోయింది. గిన్నె నిండాక నీళ్లకు ఇంజనొక్కటే దారి.

నది మధ్యలో లాంచీ ఆగిపోయి, నలభైమంది జనంతో అరగంట కొట్టుకుపోయి ఇసుక తిన్నెకు ఆనుకున్న ఆ రోజు కళ్లముందు కనబడింది. ఎవరికీ గీరుకోను కూడా లేదు, నువ్వు చుక్కాని అంత నేర్పుగా పట్టుకున్నావు. లాంచీని లాక్కొచ్చాక నేను గిన్నె విప్పి, నీళ్లు చూసి, షెడ్డు నిండా జనం ఉండగా నీ మీద నోరు పారేసుకున్నాను. మొదటి ట్రిప్పు తిరిగొచ్చాక చూశాను వదినా, ఒట్టు, గీత లేదు అని నువ్వు ఏడుస్తూ చెప్పావు. అబద్ధాలు కూడానా అన్నాను నేను. నువ్వు తాళంచెవి నా పనిముట్ల పెట్టె మీద పెట్టి వెళ్లిపోయావు.

అదంతా తలుచుకుని ముందు ఏడ్చాను. తరవాత, నిజం చెప్పొద్దూ, పెద్దగా నవ్వేశాను. నువ్వు అబద్ధం ఆడలేదని తెలిస్తే ఇంత హాయిగా ఉంటుందనుకోలేదు! నూనె గుడ్డ గిరగిరా తిప్పుతూ పైకొచ్చేసరికి కొత్త సరంగు జడుసుకున్నాడు.

ఆ పచ్చ గిన్నె నిండా పంపునీళ్లు పట్టి షెడ్డులో అందరికీ పరీక్ష పెట్టాను. టిక్కెట్ల తాతయ్య కళ్లద్దాలు సర్దుకుని, మేలురకం డీజిలు అన్నాడు. మీ అన్నయ్య సంగతి చెప్పాలా? వెలుతురుకు పట్టి, ఊపి, అటూ ఇటూ తిప్పి, ఇరవయ్యేళ్ల అనుభవంతో చెబుతున్నాను, ఇందులో చుక్క నీరు లేదని తేల్చారు. నేను గటగటా తాగేశాను. ఆయన నోరు తెరుచుకుని ఉండిపోయారు. అందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. కంగారు పడకు, గిన్నె సబ్బుతో కడిగాకే తాగాను, అయినా సాయంత్రందాకా డీజిలు తేన్పులే.

కొత్త గాజు గిన్నె బిగించాను. గీత కోసం చూడటం మానేశాం. ఇప్పుడు ప్రతి ట్రిప్పుకీ ముందు కుళాయి తిప్పి, ఒక గాజుగ్లాసులోకి కాస్త పట్టి, రంగూ వాసనా చూడాల్సిందే. దానికి 'సరంగమ్మ గ్లాసు' అని పేరు కూడా పెట్టేశాం. వద్దన్నా లాభం లేదు, రేవంతా అలాగే అంటున్నారు.

నెలాఖరుకి ఈ సరంగు సొంతూరు వెళ్లిపోతున్నాడు. రేవు ఆఫీసువాళ్లు ఈసారి ఖాయం ఉద్యోగమే ఇస్తారట. నువ్వు ఒప్పుకుంటే ఇంకెవరినీ పిలవబోమన్నారు. ఒకటో తారీకులోపు జవాబు కావాలి. నీకు బస్సుల పొగ పడదు. వచ్చెయ్యి తల్లీ.

ఇట్లు,
నీకు క్షమాపణ బాకీ పడ్డ
మీ వదిన

తా.క. మడిచిన ఉత్తరం మళ్లీ విప్పాను. నువ్వు తెలివైనదానివి, ఒకటి అడుగుతావు. కొత్త సరంగు నెల రోజులు వదిలేస్తే నిండిన గిన్నె, ముందురోజు సాయంత్రమే నువ్వు ఖాళీ చేసినది, ఒక్క ట్రిప్పుకే ఎలా నిండిందని.

నేనే నింపాను. ఆ పొద్దున డీజిలు పోసి, ట్యాంకు మూత కింది రబ్బరు వాషరు తుడుద్దామని తీసి, జేబులో వేసుకుని మరిచిపోయాను. ఆ మూత మీదుగానే గొట్టంతో డెక్కంతా కడిగాను. నీళ్లన్నీ ట్యాంకులోకే దిగాయి. నువ్వు వెళ్లిపోయిన సాయంత్రం జేబులో చెయ్యి పెడితే వాషరు తగిలింది.

అప్పటినుంచీ నాకు తెలుసు. నీళ్లు నా వల్ల వచ్చినా, నువ్వు గిన్నె చూసుంటే లాంచీ కదిలేది కాదుగా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. శుక్రవారంతో ఆ సాకు కూడా పోయింది.

నిన్ను నలుగురిలో అన్నాను కాబట్టి నిన్న ఆ నలుగురినీ పిలిచి చెప్పాను. రేవు ఆఫీసులో కాగితం మీద రాసిచ్చాను. అత్తయ్య నిన్నటినుంచీ నాతో మాట్లాడటం లేదు. ఇందాక మాత్రం వచ్చి, నా మొహం చూడకుండా, అది తిరిగొచ్చేలా రాశావా అని అడిగింది.

తెలీదన్నాను. నువ్వే చెప్పాలి.