ఫీజు వద్దన్న వకీలు

పాలంపేట, జూలై 1979

ప్రియమైన కట్టన్నకు,

మా ఆయన పోయి ఏడాది తిరగలేదు, ఆయన అన్న, మా బావ రాయమల్లు, మా రెండెకరాల మడి తనదేనని దావా వేశాడు. నిన్న సమన్లు వచ్చాయి. ఆ మడి పోతే నాకు బతుకు లేదన్నా. వరంగల్‌లో ఉన్నవాడివి, నా తాహతుకు తగిన వకీలును చూడు.

నీ చెల్లెలు సమ్మమ్మ

మట్టెవాడ, వరంగల్, ఆగస్టు

ప్రియమైన చెల్లికి,

మిల్లుకు సెలవు పెట్టి కోర్టు చుట్టూ తిరిగాను. ఒకాయన వాయిదాకింత అన్నాడు. తక్కువే అనిపించింది. ఎన్ని వాయిదాలు పడతాయంటే నవ్వి ఊరుకున్నాడు. రామలింగం అని కొత్త వకీలు మాత్రం కేసు మొత్తానికి ఒకటే ఫీజు, సగం ఇప్పుడు, సగం తీర్పుకు ముందు అన్నాడు. స్టాంపులు, టైపు ఖర్చులు వేరని కాగితం మీద రాసిచ్చాడు. పేరున్నవాడు కాదు కాని, అడిగినదానికల్లా ఓపికగా జవాబు చెప్పాడు. మేకలు అమ్ము, తక్కువ పడింది నేను వేస్తాను.

నీ మంచి కోరే అన్న కట్టయ్య

పాలంపేట, సెప్టెంబర్

అన్నా,

మేకలు అమ్మే పని తప్పింది. మా ఆయన జీతం చేసిన దొరగారి కొడుకు రాజేశ్వర్ రావు గారు హన్మకొండలో పెద్ద వకీలు కదా, ఆయన దగ్గరికే పోయాను. ఫీజు ఎంతని అడగడానికి నోరు రాలేదు. ఆయనే, “నీ కాడ పైసలు తీసుకుంటనా సమ్మమ్మా? నీ పెనిమిటి మా ఇంట్ల మనిషి” అన్నాడు. ఏడుపొచ్చింది. వకాల్తా మీద సంతకం పెట్టాను. వాయిదాలకు రావద్దన్నాడు. కోతలయ్యాక కొత్త బియ్యం పంపుతాను.

సమ్మమ్మ

మట్టెవాడ, జనవరి 1980

చెల్లీ,

నాకు భయంగా ఉంది. మన జవాబు కోర్టులో వేశాడో లేదో అడిగావా? పైసలిస్తే గట్టిగా అడగొచ్చు. ఊరికే చేసేవాణ్ని ఏమని అడుగుతాం? ఇప్పటికైనా రామలింగానికి అప్పగిద్దాం.

కట్టయ్య

పాలంపేట, ఫిబ్రవరి

అన్నా,

రెండుసార్లు పోయి వాకిట్లోనే నిలబడి వచ్చాను. పైస తీసుకోని మనిషిని నిలదీస్తే ఏమనుకుంటాడు? వకీలును మారిస్తే ఆయన పరువు తీసినట్టే. నువ్వు ఫికర్ చేయకు.

సమ్మమ్మ

మట్టెవాడ, జూన్

చెల్లీ,

నిన్న కోర్టుకు పోయి తెలుసుకున్నాను. మన తరఫున ఒక్కరోజూ ఎవరూ నిలబడలేదట. తీర్పు రాయమల్లుకే ఇచ్చి రెండు నెలలైంది. రాజేశ్వర్ రావు గారిని పోయి అడిగితే నొచ్చుకున్నాడు. “ఫీజులిచ్చినోళ్ల కేసులకే టైం సరిపోతలేదు కట్టయ్యా” అన్నాడు. తీర్పు కొట్టేయమని అర్జీ పెట్టొచ్చు కాని, గడువు దాటింది గనక ఆశ తక్కువేనని రామలింగం అన్నాడు. నువ్వు ఇక్కడికి వచ్చేయ్.

నీ అన్న

పాలంపేట, జూలై

ప్రియమైన అన్నకు,

రాలేను. బావ నాట్లకు మనుషులను పిలిస్తే నేనూ పోయాను. అదే మడి. మా ఆయన పోసిన గట్టు అలాగే ఉంది. నారు కట్ట చేతికిస్తుంటే, కూలి ఎంతిస్తావని అడిగాను. “మనింట్ల మనిషివి, నీకు లెక్కలెందుకు సమ్మమ్మా?” అన్నాడు బావ.

కూలి ఎంతో బావ చెప్పేదాకా నేను మడిలో దిగలేదన్నా.

నీ చెల్లెలు సమ్మమ్మ