కొబ్బరితలలు మునిగిన చోటు

అంతర్వేది పల్లిపాలెం,
14-2-1999.

పల్లంరాజు బావగారికి,

మీ తమ్ముడు వేటకెళ్ళి తిరిగి రాక నేటికి ఇరవై మూడు రోజులు. మీరు యానాం వెళ్ళిపోయి పందొమ్మిది. ఒక్క మాట అడుగుదామని రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

ఆ రోజు జ్వరం వల్ల పడవెక్కలేదనీ, ఇసుకలో నిలబడి చూస్తుండగానే పడవ బోల్తా పడిందనీ పోలీసులకు చెప్పారు. ఎంత దూరంలో అని వాళ్ళడిగితే, "కొబ్బరితలలు మునిగిన చోటండీ" అన్నారు. ఒడ్డున ఉన్న కొబ్బరిచెట్ల తలలు నీళ్ళలో కలిసిపోయేదాకా వెళ్ళి వల వెయ్యడం మనవాళ్ళ అలవాటు. పోలీసులకేం తెలుసు, రాసుకున్నారు.

మా అమ్మాయి వీరదుర్గ చేత వాళ్ళ లెక్కల మాస్టారిని అడిగించాను. భూమి గుండ్రం కదా, ఇసుకలో నిలబడితే తొమ్మిది కిలోమీటర్లు దాటాక పడవలో మనిషి కనబడడట. కొబ్బరితలలు మునగాలంటే పద్దెనిమిది పోవాలట. చూపు బాగున్నా కనబడదా అంటే, "చూపుదేముందమ్మా, మధ్యలో నీళ్ళు అడ్డొస్తాయి" అన్నారట.

పోనీ, మాస్టారి లెక్క తప్పే అనుకుందాం. ఒడ్డున నిలబడి సముద్రం చూసేవాడికి కొబ్బరిచెట్లు వీపు వెనక ఉంటాయి. అవి మునగడం పడవలో ఉన్నవాడికే కనబడుతుంది.

జ్వరం తగ్గిందా? ఈ సంగతి నేనింకా ఎవరికీ చెప్పలేదు. కొబ్బరితలలు మీ కళ్ళముందే మునిగాయి బావగారూ. ఆ తరవాత ఏం మునిగిందో మీరే వచ్చి చెప్పండి.

మీ మరదలు