అన్నం ముందు చెప్పిన జవాబు

పనాయ్ దీవి

విదేశీ తనిఖీ అధికారి గారికి,

ఇక్కడి సైనిక దళానికి మీ దేశం శిక్షణ ఇవ్వవచ్చో లేదో విచారించడానికి పోయిన నెల మీరు మా ఊరు వచ్చారు. "వీళ్ళ మీద ఫిర్యాదులేమైనా ఉన్నాయా, పెద్దాయనా?" అని ఊరిపెద్దనైన నన్ను అడిగారు. అప్పుడు వాళ్ళ లెఫ్టినెంటు మా ఇంట్లో, మీ పక్కనే కూర్చుని భోంచేస్తున్నాడు. తింటున్న అతిథిని తప్పుపట్టడం మాలో లేదు. "ఏమీ లేవండీ" అనేశాను.

అది అబద్ధం. పక్కింటి క్రిస్పీనా భర్తను పట్టుకెళ్ళింది ఆ లెఫ్టినెంటే. మనిషి మళ్ళీ రాలేదు.

నిన్న క్రిస్పీనా నన్ను ఆపి, "ఆ లెఫ్టినెంటు దొర తినడం ఇంకా అవ్వలేదా, తాతా?" అంది. ఇంటికొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

వాళ్ళకు శిక్షణ మొదలుకాకముందే నా జవాబు కొట్టేయండి. నా పేరు బయటికొచ్చినా ఫరవాలేదు. ఆమె భర్త పేరు మాత్రం తప్పులేకుండా రాసుకోండి: ఫెలిసిమో మగ్బనువా.

ఇట్లు,
ఊరిపెద్ద