బైబిల్లో ఉండిపోయిన అర్జీ

కొడకండ్ల,
ఆదివారం.

పాస్టరయ్యగారికి వందనాలు.

మన సమాధుల తోటకు పోయే బాటకు అడ్డంగా ముళ్లకంచె వేశారని సంఘమంతా కలిసి అర్జీ రాశాం. చర్చికి రాని గుల్షన్ బేగం కూడా సంతకం పెట్టింది. మొదటి వేలిముద్ర రూతవ్వది. "నేను సచ్చినంక నన్నన్నా ఆ బాట మీదికెళ్లి తీస్కపోండ్రి బిడ్డా" అన్నది. సోమవారం కలెక్టరాఫీసు ప్రజావాణిలో ఇస్తానని మీరు తీసుకున్నారు. అడిగినప్పుడల్లా "ప్రార్థనలో ఉన్నదమ్మా" అన్నారు.

నాలుగు సోమవారాలు పోయాయి. నిన్న రూతవ్వ శవపెట్టెను మోకాటిలోతు బురదలో, పొలాల గుండా మోశాం.

ఈ ఉదయం పీఠం మీది బైబిలు తెరిస్తే అర్జీ అందులోనే ఉంది. అయ్యగారూ, ఆ కంచె సంగతి దేవుడికి ముందే తెలుసు. తెలియాల్సింది కలెక్టరుకు!

అర్జీ ఇప్పుడు నా సంచిలో ఉంది. రేపు ఎనిమిది గంటల జనగామ బస్సుకు అందరం పోతున్నాం. మీరూ రండి. ప్రార్థన బస్సులో చేద్దాం.

స్త్రీల సమాజం కార్యదర్శి