మామ మూటల మీద బాడుగ

1 ఆగస్టు 1994, సోమవారం

వేలూరు కాలేజీలో బీఏ పిల్లలకు అమెరికా రైళ్ళ పాఠం చెప్పాను. నూరేళ్ళు దాటిన సంగతి. పెద్ద వ్యాపారికి రైలు కంపెనీ చాటుగా సరుకు మోసిన బాడుగలో కొంత వెనక్కి ఇచ్చేదట. అంతటితో ఆగిందా... అతని పోటీవాడు కట్టిన బాడుగలోంచి కూడా అతనికే వాటా! చదువుతూ నోరు వెళ్ళబెట్టాను. చివరికి చట్టం తెచ్చారు — రేట్లు అచ్చువేసి స్టేషన్లో అందరికీ కనబడేట్టు పెట్టాలి, మనిషిని బట్టి రేటు మారకూడదు. పిల్లలు మాత్రం గడియారం చూస్తున్నారు.

2, మంగళ

పక్క అంగడి మునిరత్నం మామ భోజనానికి వచ్చాడు. పిలుపుకే మామ, చుట్టం కాదు. నాయనలాగే లుంగీల వ్యాపారం, కాస్త చిన్నది. ఆ కథ చెప్పాను. పడీపడీ నవ్వాడు. "అయ్యయ్యో! మనూళ్ళో అట్లాంటోళ్ళు లేరమ్మా. లారీ ఆఫీసులో నాకు రేటు మాట్లాడి పెట్టిందే మీ నాయన గదా!"

నాయన మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయాడు. ఒంట్లో బాగాలేదేమో.

3, బుధ

మామ అంగడి అమ్మేస్తున్నాడు! మద్రాసులో మా ధరకు తను లుంగీ ఇవ్వలేకపోతున్నాడట. "బాడుగే మింగేస్తా ఉండాది తల్లీ." కొనేది నాయనే. శుక్రవారం అమ్మకం కాగితం రాసుకుంటారు. పాపం మామ.

4, గురు

గది గడియ పెట్టుకున్నాను.

బస్సు దిగి వస్తుంటే లారీ ఆఫీసు గుమాస్తా పిలిచి కవరు చేతికిచ్చాడు. "నాయనకు ఇచ్చేయమ్మా, ఈ నెలది." అంటించలేదు. లోపల నోట్లు, తమిళంలో ఒక చీటీ — మునిరత్నం, మూటలు ఇన్ని, మూటకు ఇంత. మామ మూటలు... మా కవరు! రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. ఆటోవాడు తిట్టాక పక్కకు జరిగి చీటీ మళ్ళీ చదివాను.

రైలువాళ్ళు చిన్న మూటలు తీసుకోవడం మానేశాక ఆ లారీ ఆఫీసే దిక్కు. అక్కడ బోర్డు లేదు, నోటి రేటే. పెద్దాయన మాట్లాడి పెట్టిన రేటును మళ్ళీ పోయి అడగడం మా బజారులో ఆ పెద్దాయనకు అవమానం. మామ ఆరేళ్ళుగా అడగలేదు.

ఇంటికొచ్చి అడిగేశాను. నాయన దాచలేదు. అదింకా ఘోరం. "వాడొక్కడే పోతే లారీవాడు మూట ఎత్తుతాడా? నా మొగం చూసి ఎత్తుతాడు. ఆ మొగానికి కూలి." మామ మునిగిపోతున్నాడు నాయనా అంటే — "నీ తిరుపతి చదువు యాడనించి వచ్చిందనుకుంటివి?"

ఛీ. నా ఎమ్మే. నా పాఠం.

ఈ ఇంట్లో మిగతావాళ్ళంతా తమిళ బడివాళ్ళు, తెలుగు అక్షరం చదివేది నేనొక్కదాన్నే. కాబట్టి రాస్తున్నాను: మా నాయన దొంగ. రాశాక కూడా నమ్మలేకపోతున్నాను.

5, శుక్ర, పొద్దున

మామ వచ్చేశాడు. తెల్ల చొక్కా, నుదుట విభూది. కాగితం బల్ల మీద ఉంది. నాయన నా గది వైపు చూడడం లేదు. సాక్షి సంతకం నేనే పెట్టాలట. "పరాయోళ్ళెందుకు, మన బిడ్డ ఉండాది గదా" — మామే.

ఇప్పుడు కాఫీ తాగుతూ కేకేస్తున్నాడు. "ఏం తల్లీ, ఆ అమెరికావోడి కథ ఇంకోతూరి చెప్పు, నవ్వుకుందాం. మనసు బాగలేదు. మీ నాయన ఆ పొద్దు సగంలోనే లేచిపాయ."

పెన్ను తెమ్మంటున్నారు. నాయన దొంగ అని రాసిన పెన్నే ఇది, ఇంట్లో ఇంకోటి లేదు...