కొట్టేసిన ఇంటూ గుర్తు

కుమ్‌గారన్, బుధవారం, షిఫ్టు దిగాక

ప్రియమైన నాన్నకి,

అలవాటు కొద్దీ "ప్రియమైన" అని రాశాను. ఇవాళ ఆ మాట నీకు అంతగా కుదరదు. ఫోన్ చేస్తే రెండో మాటకే ఇద్దరం అరుచుకుంటాం, అమ్మ రేడియో గట్టిగా పెట్టేస్తుంది. అందుకే రాసి మీ తలుపు సందులోంచి పడేసి పోతున్నాను. రెండు వీధుల దూరానికి స్టాంపు కూడా దండగ.

ఈ పొద్దున ఏం జరిగిందో విను. నువ్వు కౌన్సిల్లో చెయ్యెత్తి తీసేయించావే, అయిదింటి బస్సు, అది లేదు కాబట్టి మేమంతా పెద్ద రోడ్డు పక్కన గడ్డిలో నడిచి ఫ్యాక్టరీకి పోతున్నాం. టిర్సా నా ముందు నడుస్తోంది. ఆవిడకి అరవై దాటాయి, మోకాళ్లు పోయాయి, అయినా కోళ్లు కోసే బెల్టు దగ్గర నాకంటే చెయ్యి చురుకు. ఒక లారీ గుంటలో నీళ్లన్నీ ఆవిడ మీద కొట్టి పోయింది. జుట్టు నుంచి బూట్ల దాకా తడిసి ముద్దయింది. మొహం తుడుచుకుంటూ వెనక్కి తిరిగి, "మీ నాన్నకి నా దండాలు చెప్పవే పిల్లా! ఓట్ల ముందు ఉచితంగా తలంటు పోయించాడు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏం చెయ్యను?

క్యాంటీన్‌లో ఇంకొకడు, "ప్రాసర్ గారి అమ్మాయి కూడా నడిచే వచ్చిందా? కారు పంపలేదా నాన్నగారు?" అన్నాడు. సిగ్గుతో చస్తున్నాను నాన్నా. పొట్ట చేత పట్టుకుని పనికి పోయేవాళ్ల కోసమే కౌన్సిల్లో కూర్చున్నానని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెప్పావు. నేను నమ్మాను. వానలో నీ వెంట తిరిగి కరపత్రాలు పంచాను. కుక్కలు కరిచినా పంచాను.

నేనేం చదువుకోలేదు. చదివిందంతా బస్సులో చదివిందే. ఇప్పుడు అదీ లేదు. కానీ ఒకటి తెలుసు. రేపు గురువారం కాక వచ్చే గురువారం నీకు ఓటెయ్యను. రొవీనా టకర్‌కి వేస్తాను. అవును, కుక్కలకి స్నానం చేయించే దుకాణం రొవీనాకే. ఆవిడకి ఏ పార్టీ లేదు, రాజకీయం ముక్క తెలీదు. బస్సు కావాలని మాత్రం తెలుసు.

నీకు ఇష్టమున్నా లేకపోయినా నీ కూతురే,
నెస్టా

•

చాపెల్ వీధి, శుక్రవారం

ప్రియమైన నెస్టా తల్లికి,

నీ ఉత్తరం నా కంటే ముందు మీ అమ్మ చదివింది. చదివి బల్ల మీద పెట్టి, "ఈసారి తప్పు నీదే గ్విలిమ్" అనేసి బంగాళాదుంపల తొక్క తియ్యడానికి వెళ్లిపోయింది. కాబట్టి ఈ ఇంట్లో నా పక్కన ఎవరూ లేరు. పిల్లి ఉంది, దానికి ఓటు లేదు.

డబ్బు లేదమ్మా. ఆ బస్సయినా ఉండాలి, ముసలివాళ్ల ఇళ్లకి వేడిగా భోజనం తీసుకెళ్లే వ్యానయినా ఉండాలి అన్నారు. మా పార్టీ వాళ్లం ముందుగా తలుపులు వేసుకుని మాట్లాడుకున్నప్పుడు నేను బస్సు తియ్యొద్దనే అన్నాను. నా మాట నెగ్గలేదు. తలుపు తెరుచుకున్నాక అందరి మాటే నా మాట. అలా కాకపోతే పార్టీ ఎందుకు? వాళ్లు ఎత్తారు, నేనూ ఎత్తాను. ఆ చెయ్యి ఎంత బరువుగా లేచిందో ఎవరూ రాసిపెట్టరు.

టిర్సా తడిసిందన్నావు. ఆ సంగతి నాకు ఇంకా మింగుడు పడలేదు.

నీ ఓటు నీది. నాకు చెప్పక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ చెక్క అరలో పెన్సిల్ పట్టుకుని నిలబడినప్పుడు నీ వెనక నాన్న ఉండడు, పార్టీ ఉండదు. అది నీకు నేర్పింది నేనే, ఇప్పుడు నా మీదికి వచ్చిందని మార్చి చెప్పలేను.

అమ్మ పెనం మీద కాల్చిన కేకులు పంపుతోంది. సగం టిర్సాకి ఇవ్వు. మా ఇంటివని చెప్పకు, మొహాన కొడుతుంది.

ఎప్పటికీ,
నీ నాన్న

•

శనివారం, ఫలితాల మర్నాడు

నాన్నా,

ఇవాళ "ప్రియమైన" అని రాసే మొహం నాకు లేదు.

నిన్న లెక్కింపు హాల్లో జరిగిందంతా ఊరు ఊరంతా చెప్పుకుంటోంది. నీకూ రొవీనాకీ సమానంగా వచ్చాయట. మళ్లీ లెక్కపెట్టినా సమానమేనట. చివరికి ఎన్నికల అధికారి రెండు పేర్లూ చీట్ల మీద రాసి, డబ్బాలో వేసి, ఒకటి తీసిందట. రొవీనా పేరు వచ్చిందట. కబురు తెలియగానే క్యాంటీన్‌లో బల్లలు చరిచారు. టిర్సా లేచి గంతేసి, మోకాళ్లు గుర్తొచ్చి కూలబడింది. నేను టాయిలెట్‌లోకి పోయి గడియ పెట్టుకున్నాను.

ఎందుకంటే ఒక కాగితం చెల్లలేదట. టిర్సా తమ్ముడు రొవీనా తరఫున హాల్లో నిలబడ్డాడు, అతను చెప్పాడు. ఎవరో రొవీనాకి ఎదురుగా ఇంటూ గుర్తు పెట్టి, దాన్ని కొట్టేసి, నీకు ఎదురుగా పెట్టి, పక్కన పొడి అక్షరాలు వేశారట. "ఓటు మీద సంతకం పెట్టాడు చూడు, ఎవడో దద్దమ్మ! రసీదు కూడా అడిగాడేమో!" అని పడీ పడీ నవ్వారు.

ఆ దద్దమ్మని నేనే.

రొవీనాకే వేశాను నాన్నా. గట్టిగా వేశాను, పెన్సిల్ మొన విరిగేంత. వేశాక కళ్లు పైకి పోయాయి. నీ పేరు అచ్చులో ఉంది, కింద చాపెల్ వీధి ఇంటి నంబరుతో సహా. నేను పుట్టిన ఇల్లు. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు, వెనక ఎవరో దగ్గారు. చెయ్యి రొవీనా గుర్తు మీద గీత కొట్టేసింది. నీకు పెట్టేసింది.

ఇక ఆ అక్షరాలు. మా దగ్గర మాంసం పెట్టే చలిగదిలో చలెంతో రాసే కాగితంలో అంకె తప్పు రాస్తే రుద్దకూడదు. ఒక్క గీత కొట్టి, సరైనది రాసి, పక్కన పొడి అక్షరాలు వెయ్యాలి. ఎవరు దిద్దారో తెలియకపోతే ఆ పూట మాంసమంతా చెత్తలోకే. రోజూ చేసే పని. చెయ్యి దానంతటదే ఎన్.పి. అని వేసేసింది. వేశానని బయటికొచ్చాక గానీ తెలియలేదు. ఇంకో కాగితం అడగొచ్చని కూడా తెలీదు.

నీ మీద అరిచింది నేను, నీకు ఓటెయ్యనన్నది నేను, వేసీ పాడుచేసింది నేను. నీ కుర్చీ రొవీనా తియ్యలేదు. చీటీ తియ్యలేదు. నేను తీశాను. పైగా అందరితో కలిసి ఆ దద్దమ్మ కథకి నవ్వాను.

తిట్టు. ఇంటికి రానా వద్దా అన్నది కూడా నువ్వే చెప్పు.

నెస్టా

•

చాపెల్ వీధి, ఆదివారం

ప్రియమైన నా తల్లికి,

ఇంటికి రానా అని అడగడమేమిటి? అమ్మ ఆ వాక్యం చదివి నన్ను తిట్టింది.

ఇప్పుడు నేను చెప్పేది విను. మధ్యలో లేచి పోకు.

ఆ కాగితం నాకు ముందే తెలుసు. లెక్క పూర్తి కాకముందే అనుమానం ఉన్న కాగితాలన్నీ బల్ల మీద పరిచి, నన్నూ రొవీనానీ పిలిచారు. ఆ ఎన్ కాలు కిందికి ఈడ్చి వదిలేసేది నువ్వొక్కదానివే. బడిలో వేసినప్పటి నుంచీ అంతే. చూడగానే తెలిసిపోయింది.

అధికారి, "ఈ అక్షరాలు చూసి మనిషెవరో మీలో ఎవరికైనా తెలుస్తుందా? తెలిస్తే చెల్లదు. తెలియకపోతే ఇది చెల్లుతుంది, ప్రాసర్ గారిదవుతుంది" అంది.

రొవీనా నవ్వి, "ఈ లోయలో రాయి విసిరితే ఒక ఎన్.పి.కి తగులుతుందండీ. ఆయనకే వెయ్యండి. పాపం, కిందా మీదా పడి వేశారు" అంది.

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. "నాకు తెలుసు" అన్నాను.

"ఎవరో చెప్పక్కర్లేదు సార్" అని ఆవిడ దాన్ని చెల్లని కట్టలో పెట్టేసింది.

న్యాయం కోసం అలా అన్నానని నువ్వు అనుకుంటావేమో. ఊళ్లో కొందరు అప్పుడే అనుకుంటున్నారు, నా చెయ్యి పట్టుకుని ఊపుతున్నారు. కాదమ్మా. నాకు నీ రెండో గుర్తు కనపడలేదు. మొదటిదే కనపడింది. కాగితం చిరిగేంత గట్టిగా పెట్టిన ఆ మొదటి గుర్తు. ఒళ్లు మండింది. నా కూతురు జాలిపడి వేసిన ఓటు నాకొద్దు అనుకున్నాను. రోషంతో అన్న మాట అది, అంతే.

తరవాత సమానమన్నారు. మళ్లీ లెక్క అన్నారు. ఆ కాగితాలు మళ్లీ బల్ల మీదికి వచ్చాయి. అప్పుడు నా రోషం ఏమైందో అడుగు. "ఇందాక పొరపాటు పడ్డానేమోనండీ, కళ్లద్దాలు పాతవి, ఆ రాత నాకు తెలిసింది కాదనుకుంటా" అన్నాను. అబద్ధం, నెస్టా. అందరి ముందు, పార్టీ గుర్తయిన గులాబీ పువ్వు కోటుకి పెట్టుకుని, ఒక్క ఓటు కోసం నిన్ను ఎరగనన్నాను.

అధికారి మర్యాదగానే, "మీరు ఇందాకే చెప్పారు సార్" అంది. రొవీనా తన బూట్ల వంక చూసుకుంది. ఆవిడ నా మొహంలోకి చూసి వెటకారం చేసినా ఇంత సిగ్గు వేసేది కాదు.

కాబట్టి నా కుర్చీ తీసింది నువ్వు కాదు. అది నీ మీద వేసుకోకు. ఈ సంగతి మీ అమ్మకి రాత్రే చెప్పాను. టీ పెట్టి ఇచ్చింది, చక్కెర వెయ్యలేదు.

బస్సు గురించి కూడా ఒక మాట. చెయ్యి బరువుగా లేచిందని రాశాను. బరువుగా లేచినా తేలిగ్గా లేచినా బస్సు పోయింది. ఆ వాక్యం రాసినందుకు కూడా సిగ్గుపడుతున్నాను.

నీ నాన్న,
ఇంకేమీ కాదు ఇప్పుడు

•

మంగళవారం, టీ విరామంలో

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం చదివి మొదట ఒక డబ్బాని తన్నాను. కాలి వేలు వాచింది.

నువ్వు నన్ను ఎరగనన్నావు. సరే. నేను టాయిలెట్‌లో దాక్కున్నాను. ఇద్దరం ఒకే తానులోంచి చించిన గుడ్డలం.

నిన్న క్యాంటీన్‌లో మళ్లీ ఆ దద్దమ్మ కథ మొదలుపెట్టారు. లేచి, "అది నేనే" అన్నాను. టిర్సా నన్ను ఎగాదిగా చూసి, "రొవీనాది కొట్టేసినందుకు నిన్ను తన్నాలి" అంది. మళ్లీ తనే, "మా నాన్న నిలబడితే నేనూ అదే పని చేసి ఉందును. కానీ సంతకం పెట్టేదాన్ని కాదే, మొద్దు మొహమా!" అంది. కేకులు మీ ఇంటివేనని ఆవిడకి మొదటి రోజే తెలుసట. తిన్నాక చెప్పింది.

ఒకటి చెబుతాను. మొదటి గుర్తు కౌన్సిలర్ మీద కోపం, రెండోది నాన్న మీద ప్రేమ అని నువ్వు లోపల సర్దేసుకోకు. నేను ప్రయత్నించాను, సర్దుకోవడం లేదు. చెయ్యెత్తినవాడివీ నువ్వే, చిన్నప్పుడు భుజం ఎక్కించుకున్నవాడివీ నువ్వే. నాకు రెండుసార్లూ నిజంగానే అనిపించింది.

ఇవాళ పొద్దున పనికి వస్తుంటే రొవీనా దుకాణం తలుపు తీసి పిలిచింది. కౌన్సిల్ నుంచి ఇంత మందాన కాగితాలు వచ్చాయట, సగం అర్థం కాలేదట. బస్సు మాట ఏ కమిటీలో ఎత్తాలో, ఎవరిని పట్టుకోవాలో తెలియక నిద్ర పట్టడం లేదట. "మీ నాన్నని అడుగుదామని ఉంది, ఆ హాల్లో జరిగాక ఎలా అడగను?" అంది. ఆవిడ మొహమూ ఎర్రబడింది. గెలిచిన మనిషికి కూడా సిగ్గేమిటో ఈ ఊళ్లో.

నువ్వు వెళ్లి చెప్పాలి. ఇరవై ఏళ్లు ఆ గదుల్లో కూర్చున్నావు, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో నీకు తెలుసు. నిన్ను ఓడించినావిడ ముందు, తడి కుక్కల మధ్య స్టూలు మీద కూర్చుని, నువ్వు తీయించిన బస్సుని ఎలా తిరిగి తేవాలో నువ్వే చెప్పాలి. సిగ్గేస్తుంది. తెలుసు. ఆ సిగ్గుతోనే రా, అది పోయేదాకా ఆగితే బస్సు ఎప్పటికీ రాదు.

రేపు నా షిఫ్టు మూడింటికి దిగుతుంది. దుకాణం బయట నిలబడతాను. నువ్వు వచ్చాకే లోపలికి పోతాను, నాకు ఒక్కదానికీ ఆ తలుపు తోసే ధైర్యం లేదు.

నీ
నెస్టా